మూగ మెట్టు

నాన్నగారూ,

బ్యాండులో నా ఉద్యోగం ఖాయమైంది. అమ్మను ఇక బెంగ పెట్టుకోవద్దనండి.

నిన్న పాడే ఆవిడకు గొంతు బొంగురుపోయింది. పాత పాటను అప్పటికప్పుడు శృతి దించి వాయించాల్సొచ్చింది. మధ్యలో నాకు వదిలేసిన చోట సొంతంగా అల్లుకుంటూ పోయాను. ఇక్కడి కీబోర్డులో అన్ని మెట్లూ నిక్షేపంగా పలుకుతాయి. అయినా నా వేలు గ మీంచి మ దాటేసి ప మీదికే దూకింది. మన హార్మోనియంలో ఆ పాట శృతికి మ పడేది విరిగి పలకని ఆ మెట్టు మీదేగా, అదే అలవాటు!

పాటయ్యాక బ్యాండుమాస్టరు వచ్చి, "భలే దూకావమ్మా! పాతకాలపు బాణీ ఇదే. ఎవరు నేర్పారేంటి?" అన్నారు. మా నాన్నగారని చెప్పాను. మెట్టు విరిగిన సంగతి ఎత్తలేదు. ఇవాళ్టి నుంచి ఆ పాటలో గిటారాయన కూడా మ ముట్టుకోవడం లేదు.

నా నల్లచెప్పులు పంపండి. తమ్ముడి కళ్ళజోడు మార్పించారా?

హార్మోనియం బాగుచేసేవాణ్ణి రమ్మన్నానని రాశారు. తిత్తికి అతుకు వేయించండి, దుమ్ము దులిపించండి. ఆ మెట్టు జోలికి మాత్రం పోనివ్వకండి. చెల్లి కూడా దాని మీదే నేర్చుకోవాలి.

అమ్మకూ, ఆ మూగ మెట్టుకూ నా నమస్కారాలు.

మీ పెద్దమ్మాయి