పన్ను కట్టని వాళ్ల ఓటు

రస్సెల్,

పొయ్యి మీద బీన్స్ సూప్ ఉంది. వేడి చేసి టెస్‌కి పెట్టి, నువ్వూ తిను. తర్వాత చొక్కా మార్చుకుని స్కూలు జిమ్‌కి వెళ్లు. స్కూలు బడ్జెట్ మీద ఊరివాళ్ల ఓటింగు అక్కడే, రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటుంది. నేను డ్యూటీకి వెళ్తూ దారిలో నా ఓటు వేసేస్తాను. బడ్జెట్ ఓడిపోతే ముందు ఎత్తేసేది స్కూలు బ్యాండునే. టెస్ ట్రాంబోన్ ఇక అటకెక్కినట్టే. డ్రైవింగ్ లైసెన్సు మర్చిపోకు. అక్కడ చిరునామా అడుగుతారు గానీ ఇల్లు సొంతమా అని అడగరు.

నిన్న బడ్జెట్ మీటింగులో మన ఇంటి ఓనర్ హాస్కెల్ లేచి, "అద్దెకుండేవాళ్లకేం పోతుంది? ఇళ్ల మీద స్కూలు పన్ను కట్టేది మేము, ఓట్లేసేది వాళ్లా?" అన్నాడు. పెద్ద మేధావి. అందరూ నవ్వారు, సరే. వాళ్లతో కలిసి నువ్వూ ఇకిలించావు చూడు, దానికి నా ఒళ్లు మండింది.

ఆయన అక్టోబరులో ఇచ్చిన ఉత్తరం ఫ్రిజ్ మీదే ఉంది. "స్కూలు పన్ను పెరిగింది కనుక అద్దె పెంచక తప్పడం లేదు" అని తన చేత్తోనే రాశాడు. అద్దె పెంచేటప్పుడు ఆ పన్ను మనదట, ఓటు దగ్గరికొచ్చేసరికి ఆయనదట. ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లు. జిమ్ గుమ్మంలో కనిపిస్తే ఆయన చేతికిచ్చి చదవమను.

లోర్నా

నీకు నోరు పెగలదని నాకు తెలుసు. టెస్‌ని వెంట తీసుకెళ్లు, అది గట్టిగా చదివి వినిపిస్తుంది. దానికి ఆ చదువు వచ్చింది మన అద్దెతోనే.