గున్న కుడి చక్రం

మార్చి 3, ఆదివారం

గున్న మళ్ళీ వణికింది. బైపాస్ మీద అరవై దాటాక చిన్న గుంత తగిలింది. అంతే, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయింది. నలభైకి దించితే సర్దుకుంది. ఇంటికొచ్చి కింద దూరి చూశాను. కుడి ముందు చక్రం లోపలివైపు ఆయిలూ గ్రీజూ కలిసి కారి, టైరంతా నల్లగా ఉంది. సీలు పోయింది. అంటే బేరింగులు కూడా విప్పి చూడాల్సిందే.

ఇరవై ఆరేళ్ళ బండి, రెండున్నర టన్నులు. దీనికి గున్న అని పేరు పెట్టింది అత్తయ్య. ఇంత లావుదానికి గున్న ఏమిటత్తయ్యా అంటే, ఇంకా పెరుగుతూనే ఉందిగా అంది. నిజమే. ఆ ఏడాదే స్ప్రింగులు మార్చి నాలుగంగుళాలు ఎత్తు పెంచాం. మరుసటి ఏడాది పైన క్యారియర్. ఆ తర్వాత ముందు ఇనుప బంపరు. వరదలొచ్చిన ఏడు, నీళ్ళలో ఇంజను గాలి పీల్చుకోవడానికి బానెట్ పక్కనుంచి పైకి గొట్టం. మామయ్య వెల్డింగ్, నా కొలతలు, వాళ్ళబ్బాయి బోల్టులు అందించడం. అత్తయ్య టార్చి పట్టుకునేది. వెలుతురు బోల్టు మీద తప్ప అన్నిటి మీదా పడేది, ముఖ్యంగా మా మొహాల మీద.

మామయ్యకి ఫోన్ చేశాను. సీలు పోయిందని పూర్తిగా చెప్పకముందే, కుడా ఎడమా అని అడిగారు.

మార్చి 10, ఆదివారం

ఎనిమిదింటికల్లా మామయ్య బస్సు దిగి వచ్చేశారు. బస్సుల డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్. ఇప్పటికీ బస్సు ఎక్కగానే గేర్‌బాక్స్ చప్పుడు విని డ్రైవర్‌కి జాగ్రత్తలు చెప్పొస్తారు.

వాళ్ళబ్బాయితో నాకు విడాకులై ఆరేళ్ళు. ఫ్రిజ్ ఎవరికి, బీరువా ఎవరికి అని కాయితాల మీద రాసుకున్నాం. గున్నని అతను వద్దన్నాడు, నాకొచ్చింది. మామయ్య ఎవరికి అని మాత్రం ఎవరూ అడగలేదు. తీర్పు వచ్చిన తర్వాతి ఆదివారం ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. చూస్తే ఈయన. ఇంజనాయిల్ మార్చే టైమైంది కదమ్మా అన్నారు. అప్పట్నుంచీ ఆదివారాలు ఆయనవే.

ఈరోజు చక్రం, బ్రేకు, బేరింగులుండే హబ్బు విప్పాం. బేరింగులు డీజిల్లో కడిగి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, ఇది బతికుంది, ఇది పోయింది అని చెప్పేశారు. పోయిందన్నదాన్ని నేను భూతద్దంతో చూస్తే సన్నటి గీత కనిపించింది. నేను కాలేజీలో ఫిజిక్స్ లాబ్ చూస్తాను. కంటితో చూడనిది నాకు రీడింగే కాదు. ఆయన నవ్వారు.

మార్చి 17, ఆదివారం

కొత్త సీలు, కొత్త బేరింగు వేసి మూసేశాం. హబ్బు నట్లు ఆయనే బిగించారు. నేను బ్రేకు శుభ్రం చేస్తూ ఉండిపోయాను. అలవాటుగా ప్రతి స్టెప్పూ ఫోన్లో ఫొటో తీశాను.

టీ పోస్తుంటే కప్పు ఆయన చేతికి అందలేదు. అంటే, చెయ్యి కప్పు పక్కకి వెళ్ళింది. ఇద్దరం ఏమీ జరగనట్టే ఉన్నాం.

మార్చి 18, సోమవారం, ఉదయం 6.30

ఫొటోలు చూస్తున్నాను. హబ్బులో రెండు నట్లు, మధ్యలో పల్చటి వాషరు. నట్లు వదులవకుండా ఆ వాషరు రెక్క ఒకటి లోపలి నట్టు మీదికి, ఇంకోటి బయటి నట్టు మీదికి వంచాలి. ఫొటోలో ఒకటే వంగి ఉంది.

ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఇలాంటిది వదిలేసి ఉండరు. ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదు.

ఉదయం 8.10

నేనే విప్పాను. మాన్యువల్ ముందు పెట్టుకుని, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాను. టిక్ మంది. రెండు రెక్కలూ వంచాను. పిల్లి అడుగులేసి తిరిగినట్టు, ఎక్కడా గుర్తు లేకుండా మూసేశాను. ఆయనకి చెప్పను. చెప్పి సాధించేదేముంది.

మార్చి 24, ఆదివారం

టెస్ట్ డ్రైవ్. బైపాస్ మీద డెబ్బై. అదే గుంత. వణుకు లేదు. మామయ్య మీసం కింద నవ్వుకుంటున్నారు. పన్నెండో కిలోమీటర్ దగ్గర ఆపమన్నారు. కిందికి దిగి ఎడమ హబ్బు మీద అరచెయ్యి పెట్టారు. బండి ముందు నుంచి బంపరు పట్టుకుని తడుముకుంటూ కుడివైపుకి వచ్చారు. అక్కడ పెట్టిన చెయ్యి వెంటనే తీసేశారు.

కాలిపోతోంది అన్నారు.

నేను తాకి చూశాను. నిజంగానే చురుక్కుమంది. బేరింగు మరీ గట్టిగా బిగిసింది. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే లోపల పట్టేసేది. అప్పుడు డెబ్బైలో ఉండి ఉంటే ఏమయ్యేదో రాయను.

ఇది నేను బిగించింది కాదు అన్నారు. కోపంగా కాదు, రోగి నాడి చూసి చెప్పినట్టు. ఎవరు ముట్టుకున్నారు అన్నారు. చెప్పేశాను. ఎందుకు విప్పావని అడిగారు. రెక్క సంగతి చెప్పాను. రోడ్డు వైపు తిరిగారు. తర్వాత, చల్లారనిచ్చి ముప్ఫైలో మెల్లగా పోనీ అన్నారు. దారిలో కనిపించిన మొదటి బస్టాప్‌లో దిగిపోయారు.

మార్చి 31, ఆదివారం

రాలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

మాన్యువల్ మళ్ళీ చదివాను. బయటి నట్టు బిగించాల్సిన అంకెతో నేను లోపలి నట్టు బిగించాను. పక్కపక్క లైన్లు. లోపలిది చాలా వదులుగా, బేరింగు అటూఇటూ ఊగనంత మాత్రమే ఉండాలి. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ తప్పు చదివాను. కళ్ళు సరిగ్గా కనబడని మనిషి సరిగ్గా బిగించారు.

ఆ చివరి మాట రాసేదాకా నాకు నేను ఒప్పుకోలేదు. కళ్ళు కనబడటం లేదు ఆయనకి.

ఏప్రిల్ 7, ఆదివారం

ఇవాళా రాలేదు. తొమ్మిదింటిదాకా గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. రెండు కప్పులు పెట్టాను, ఒకటి మళ్ళీ లోపల పెట్టేశాను.

సాయంత్రం వాళ్ళబ్బాయి ఫోన్. దాదాపు ఏడాది తర్వాత. మీరిద్దరూ ఏమైనా అనుకున్నారా అన్నాడు. నాన్న అన్నం సరిగ్గా తినడం లేదట. ఎప్పుడూ తిప్పి తిప్పి మాట్లాడేవాడు, ఈసారి సూటిగా అడిగాడు: నీకు ఏదో తెలుసు, ఏమిటది? ఆయన్నే చెప్పనీ, మంగళవారం వస్తాను అన్నాను. మా ఇంటికా అన్నాడు. ఇంకెక్కడికి అన్నాను.

ఏప్రిల్ 9, మంగళవారం

ఆరేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కాను. మూడో అంతస్తు. రెండో మలుపులో పగిలిన గచ్చు అలాగే ఉంది, కాలు దానంతటదే తప్పుకుంది. తలుపు తీశాడు. జుట్టు పల్చబడింది. ఏమీ అడక్కుండా టీలో చక్కెర తగ్గించి ఇచ్చాడు, మమ్మల్ని బాల్కనీలో వదిలి వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేని గిన్నెలు కడిగాడు.

బాల్కనీలో కమ్మీకి ఇంకా నీలం రంగు మచ్చ ఉంది. గున్న క్యారియర్‌కి ఇక్కడే రంగు వేశాం. గాలికి రంగు ఎగిరి కింది అంతస్తువాళ్ళు ఎండేసిన దుప్పటి నీలమైపోతే, అత్తయ్య తన కొత్త దుప్పటి ఇచ్చి వాళ్ళ నోరు మూయించింది. నాకు ఆ రోజు నవ్వి నవ్వి పొట్ట పట్టేసింది. వాళ్ళబ్బాయి కూడా నవ్వాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు.

తప్పు చదివింది నేనే మామయ్యా అన్నాను. ఆయన అది పట్టించుకోలేదు. నీ మొహం వైపు చూస్తే నీ మొహం ఉండదమ్మా అన్నారు. చెవులుంటాయి, జుట్టుంటుంది, మధ్యలో బూడిదరంగు. నట్టు చూద్దామనుకుంటే నట్టు మాయం. చుట్టూ ఉన్న చెత్తంతా కనిపిస్తుంది. పోయిన వానాకాలం నుంచీ ఇంతే. చెబితే వీడు నన్ను బస్సెక్కనివ్వడు, ఆదివారాలు పోతాయి.

కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నారు. రెక్క వదిలేసింది నేను. నా ముందు విప్పి, ఇదిగో మామయ్యా ఇది వదిలేశారు అని ఉంటే, నేను సిగ్గుపడేవాణ్ణి, సిగ్గు పది నిమిషాలుంటుంది. నట్టు నేను మళ్ళీ బిగించేవాణ్ణి, నీ తప్పు జరిగేదే కాదు. నా పరువు కాపాడబోయి బేరింగు కాల్చావు.

మరి మీరు చేసిందేమిటి, మీరూ దాచారుగా అన్నాను. ఆయన లోపలికి కేకేశారు. వాళ్ళబ్బాయి తడి చేతులతో వచ్చాడు. డిపోలో బస్సు కంప్లయింటు రాయించినట్టు చెప్పేశారు: కుడి కన్ను, మధ్య భాగం, ఎనిమిది నెలలు; ఎడమదీ మసక.

వాళ్ళబ్బాయి తడి చేతులతోనే ఫోన్ తీసి కంటి ఆసుపత్రి నంబరు వెతికాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

కంటి ఆసుపత్రి. ముగ్గురం గున్నలోనే వెళ్ళాం, ముప్ఫై దాటకుండా, మధ్యలో రెండుసార్లు ఆగి హబ్బు తాకి చూసుకుంటూ. వాళ్ళబ్బాయి వెనక సీట్లో, అత్తయ్య బతికుండగా కూర్చునే వైపు కూర్చున్నాడు. ఇంత ఎత్తు ఎందుకు పెంచామో అన్నాడు ఎక్కుతూ. నువ్వే కదా పెంచమన్నావు అని మేమిద్దరం ఒకేసారి అన్నాం.

కుడి కంటి మధ్య చూపు తిరిగి రాదట. ఎడమ కంటిలోనూ మొదలైంది. నెలకో ఇంజెక్షన్‌తో దాన్ని చాలావరకు ఆపవచ్చు అంది డాక్టర్. అంటే స్పేర్ పార్ట్ దొరకదు, ఉన్నదానికి సర్వీసింగే అన్నమాట అన్నారు మామయ్య. ఆవిడ నవ్వింది. మేం నవ్వలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

ఎనిమిదింటికి గేటు చప్పుడు. వాళ్ళబ్బాయి స్కూటర్ మీద దింపి, లోపలికి రాకుండా, సాయంత్రం వస్తానని వెళ్ళాడు.

కుడి హబ్బు మళ్ళీ విప్పాం. బేరింగు నీలంగా మారింది, పారేశాం. కొత్తది వేశాక రెంచ్ తీయబోతే వద్దన్నారు. నన్ను కళ్ళు మూసుకోమన్నారు. నా చెయ్యి హబ్బు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టారు. వేళ్ళ చివర్లు గరుకు కాగితంలా ఉన్నాయి. తిప్పు. వదులు. ఇంకొంచెం బిగించు. ఇప్పుడు? తేనెలో గరిటె తిప్పినట్టుంది అన్నాను. అదే, అక్కడ ఆగు అన్నారు.

కళ్ళు తెరిచి కొలిచాను, మాన్యువల్ ప్రకారం. అందులో ఇచ్చిన రెండు అంకెలకి సరిగ్గా మధ్యలో ఉంది. రీడింగ్ రాసుకోమ్మా, నీకు నిద్రపట్టాలిగా అన్నారు. రెక్కలు నేను వంచాను. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాను. ఆయన వేలితో తడిమి రెండూ చూసుకున్నారు.

ఏప్రిల్ 28, ఆదివారం

కుడి హబ్బు, ఎడమ హబ్బు, యాభై కిలోమీటర్ల తర్వాత రెండూ ఒకే వెచ్చదనం.

ఎడమ తలుపు కింద మడత మెట్టు, పక్కన నిలువు కడ్డీ బిగించాను. ఇంత మంచి బండిని సిటీ బస్సు చేసేశావు, ఇక టికెట్లు కూడా కొట్టు అని పొద్దుటంతా సణిగారు. మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. ఎవరూ లేరనుకుని మూడుసార్లు ఎక్కి దిగారు.

మే 12, ఆదివారం, ఉదయం 7

రిజర్వాయరు పూర్తిగా ఎండిపోయింది. అడుగంతా నున్నటి మట్టి, నాలుగైదు కిలోమీటర్లు, చెట్టు లేదు, రాయి లేదు, మనిషి లేడు. నిన్న వచ్చి నడిచి చూసుకున్నాను.

నేను దిగి ఆయన్ని స్టీరింగ్ వైపు కూర్చోబెట్టాను. సీటు తానే ముందుకు జరుపుకున్నారు.

కుడివైపు ఏముంది అన్నారు. ఏమీ లేదన్నాను.

ఎడమవైపు? ఏమీ లేదు.

ముందు? ఏమీ లేదు మామయ్యా, వెళ్ళండి.

కొంత దూరం పోయాక, థర్డ్ గేర్ వేయనా అన్నారు.