గాలపు వేటకు సర్దిన సంచి

రేపల్లె, 1968 ఫిబ్రవరి, శనివారం

పొద్దున లేచేసరికి వసారా చూరుకు రెండు గాలపు కర్రలు వేలాడుతున్నాయి. ఒకటి పొట్టిది. అది నాకేనని అర్థమై, కాఫీ తాగకముందే సంచి సర్దేశాను. గొడుగు, తువ్వాలు, జంతికల డబ్బా, ఒక నవల, కాన్వెంటులో తొడుక్కున్న కాన్వాసు బూట్లు కూడా పెట్టాను.

సాయంత్రం పెనుమూడి నుంచి పడవ పోలయ్య వచ్చాడు. రేపు నాన్ననూ నన్నూ కృష్ణలో చేపల వేటకు తీసుకెళ్లేది అతనే. సంచిలోంచి కనబడుతున్న బూట్లు చూసి మొహం చిట్లించాడు.

"మేం చెప్పులు గట్టునే వదిలి ఎక్కుతామండి. పడవంటే గంగమ్మ తల్లండి. అలవాటు లేనోళ్లు ఇంటికాడ ఉంటేనే మంచిదేమోనండి."

రేపటి ప్రయాణం పోయినట్టేననుకుని తలుపు చాటుకు వెళ్లాను.

"సిస్టర్లు ఇది నేర్పలేదులే పోలయ్యా! వట్టికాళ్లతోనే వస్తుంది" అన్నారు నాన్న.

"అట్టయితే సరేనండి. మరి ఆ పుస్తకమేంటండి, పాపగారు చేపలకి చదివి వినిపిస్తారా?"

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

బూట్లు తీసేశాను, పుస్తకం ఉంచాను. గాలానికి చేప పడితే భయపడి అరుస్తానేమో... అయినా మనసు హాయిగా ఉంది.

నన్నూ తీసుకెళ్లమని నిన్న రాత్రి నాన్నను మొదటిసారి నోరు తెరిచి అడిగింది నేనే.