మరియమ్మ పెట్టె రాని సాయంత్రం

వాల్దెతూర్యా,
6 నవంబరు 1983

ప్రియమైన నికానోరా,

చలికాలం మూడు నెలలైనా సరగోసా వచ్చి నీ దగ్గర ఉండమన్నావు. సంతోషమే, కానీ రాలేను. నేనొస్తే, మేరీమాత బొమ్మతో రోజుకో ఇంటికి తిరిగే మన మరియమ్మ పెట్టె ఎవరింటికి వెళ్తుంది? దాని తలుపు లోపల అంటించిన కాగితం మీద ముప్పై ఒక్క ఇళ్ళ వరస ఇంకా ఉంది. మాది ఎనిమిది, మీది తొమ్మిది. ఇప్పుడు పొయ్యి వెలిగేవి రెండే ఇళ్ళు. నాది, ఎదురింటి సతూరియోది.

నా అక్రోటు చెట్టు కొమ్మ అతను కొట్టేసినప్పటి నుంచి, పన్నెండేళ్ళుగా, ఆ మొండిఘటంతో నాకు మాటల్లేవు. అయినా పెట్టె ఆగదు. ఒక సాయంత్రం అతను నా గడప మీద పెట్టి, రెండుసార్లు తలుపు తట్టి వెళ్ళిపోతాడు. మర్నాడు నేనూ అంతే. మొన్న బయట నిలబడి, "అమ్మా మరియమ్మా, ఈ గయ్యాళి దగ్గర ఒక్క రోజు ఓర్చుకో తల్లీ, రేపు నా దగ్గరికే వద్దువుగాని" అన్నాడు. నాకు వినపడాలనే. నవ్వాపుకోలేక చచ్చాను.

బడి కప్పు కూలింది. మీ ఇంటిది ఇంకా నిలిచే ఉంది.

నీ బసిలిసా

సరగోసా,
14 నవంబరు

ప్రియమైన బసిలిసా,

ఒక కొమ్మ కోసం పన్నెండేళ్ళు అలగడం నీకే చెల్లింది. పోట్లాడేందుకైనా నీకొక మనిషున్నాడు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎదురయ్యే వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. ఈసారి పెట్టె ఇచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడు. "చలిగా ఉంది" అంటే నీ సొమ్మేం పోదు.

నీ నికానోరా

వాల్దెతూర్యా,
24 నవంబరు

ప్రియమైన నికానోరా,

నీ మాట విని చెడ్డాను. సోమవారం పెట్టె అతని గడప మీద పెట్టి, "చలిగా ఉంది" అన్నాను. లోపలి నుంచి, "ఆఁ, పన్నెండేళ్ళ నుంచీ చలే" అన్నాడు. అంతే.

మంగళవారం పెట్టె రావాలి, రాలేదు. నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. నేను ఒక మెట్టు దిగానని అలుసైపోయాను. ఇచ్చే ఇల్లే తెచ్చివ్వాలి, వెళ్ళి అడగకూడదన్నది ఊరి పద్ధతి. నా చేత అది తప్పించాలని చూస్తున్నాడు. నేను అడగను. వీధి నిండా పొగమంచు, ఎదురిల్లు కూడా కనపడటం లేదు. అదీ మంచిదే.

నీ బసిలిసా

సరగోసా,
28 నవంబరు

ప్రియమైన బసిలిసా,

ఇది చదవడం ఆపి వెంటనే వెళ్ళు. మా అమ్మ మంచాన పడినప్పుడు పెట్టె ఒక్క పూట ఆలస్యమైతే, పదో ఇంటి ఎమెరెన్సియానా సూప్ గిన్నె పట్టుకుని మా తలుపు తోసుకొచ్చింది. వెళ్ళి అడగకూడదన్నారు సరే, వెళ్ళి చూడకూడదన్నారా?

నీ నికానోరా

వాల్దెతూర్యా,
4 డిసెంబరు

ప్రియమైన నికానోరా,

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. నా ఉత్తరం తీసుకెళ్ళడానికి శుక్రవారం వచ్చిన పోస్టావిడ, "సతూరియో తలుపు తియ్యడం లేదేంటండీ?" అంది. ఇద్దరం కలిసి తోశాం.

తలుపు వెనకే గోడకి ఆనుకుని ఉన్నాడు. కోటు, టోపీ వేసుకున్నాడు. పెట్టె ఒళ్ళో ఉంది, పడిపోకుండా రెండు చేతులూ చుట్టి ఉన్నాయి. మంగళవారమే బయల్దేరాడు, నా కోసమే. పడ్డ వెంటనే పోలేదు, ఒక రోజైనా బతికే ఉంటాడన్నాడు డాక్టరు. ఆ రోజంతా నేను ఎదురింట్లో కుర్చీ వేసుకుని అతన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. నేను చంపానని అనను. వెళ్ళలేదు. అది చాలు.

పాతిపెట్టడానికి పక్క ఊరి నుంచి నలుగురు వచ్చారు. ఆ అక్రోటు చెట్టు కిందుగానే మోసుకెళ్ళారు. కొట్టేసిన చోట కొత్త కొమ్మ ఎప్పుడో చేయంత లావైంది. నేను చూసుకోనే లేదు.

రోజూ సాయంత్రం పెట్టె పట్టుకుని గడప దాటుతున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ లోపలికి తెస్తున్నాను. కాగితం ప్రకారం నా తర్వాతి ఇల్లు మీది. పన్నెండో తేదీ బస్సుకు తీసుకొస్తున్నాను. ఆ రోజు నుంచి ఇక్కడ పొయ్యి వెలగదు.

రెండుసార్లు తలుపు తడతాను. గడప మీద పెట్టి వెళ్ళిపోను నికానోరా, నువ్వు తీసేదాకా అక్కడే నిలబడి ఉంటాను.

నీ బసిలిసా