రేకుల మీద కొట్టని సున్నం

అవ్వా,

నిన్న భూపాలపల్లిలో ఒక ఆఫీసు గోడకి బోర్డు బిగించాను. దాని మీద ఐదు స్టార్లున్నాయి, ఫ్రిజ్‌ల మీద ఉన్నట్టే. బిల్డింగుకి స్టార్లెందుకని అక్కడి ఇంజనీరు మేడంని అడిగాను.

"ఏడాదికి ఎంత కరెంటు కాలుస్తదో చూసి ఇస్తరు తమ్మీ. తక్కువ కాలిస్తే ఎక్కువ స్టార్లు."

"గింత పెద్దది తక్కువెట్ల కాలుస్తది మేడం? మా రేకులింట్ల రెండు ఫ్యాన్లు తిరిగినా ఉడికిపోతం."

"జర పైకెక్కి చూడు. స్లాబంతా తెల్లరంగే. ఎండ లోపలికి దిగకుంటే ఏసీలకు పనేముంది? మీ రేకులకు సున్నం కొట్టినా గంతే, చల్లగుంటది."

నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది.

పోయిన ఎండాకాలం మంచం మీద నుంచి నువ్వడిగిందీ అదే. "రేకుల మీద సున్నం కొట్టు కొడుకా, తల కాలిపోతాంది."

తొమ్మిదిలో బడి మానేసినా అన్నీ తెలిసినవాడిని కదా, నవ్వాను. "ఇల్లు సమాధి లెక్క కనబడ్తది అవ్వా, దోస్తులు నవ్వుతరు."

నీ పోరు పడలేక సున్నం సంచి తెచ్చాను. దాన్ని మూలన పడేసి, బండేసుకుని దోస్తులతో పాలకుర్తి పోయాను. మూడో రోజు తిరిగొచ్చేసరికి నువ్వు దవాఖానలో ఉన్నావు. వడదెబ్బ అన్నారు. మళ్లీ నువ్వు ఇంటికి రాలేదు.

ఈ రోజు నీ సంవత్సరీకం. ఆ సంచి విప్పి, నీ సమాధికి రెండుసార్లు సున్నం కొట్టాను. మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టి చూశాను.

చల్లగానే ఉంది అవ్వా.