ఆరింటి టిఫిను

జూన్ 9, సోమవారం
మా వంటమనిషి యాదమ్మను పనిలోంచి తీసేశారు. తీసేసింది మా హాస్టల్ ఓనర్ ప్రసాదరావు. నేరం — ఆరింటికి టిఫిను పెట్టలేకపోవడం. పోయిన నెల మా పొద్దుటి కంప్యూటర్ క్లాసు ఏడున్నర నుంచి ఆరున్నరకు మారింది. బోరబండ నుంచి మొదటి బస్సు అమీర్‌పేటకు వచ్చేదే ఆరుంబావుకు. రెక్కలు కట్టుకుని రావాలా? గిన్నెలన్నీ తోమిపెట్టి మరీ వెళ్లింది...

జూన్ 10
కరపత్రం రాశాను. "శ్రమదోపిడీదారు ప్రసాదరావు డౌన్ డౌన్!" జిరాక్సులు తీసి సెంటర్లో పంచాను. అందుకున్నవాడు అందుకున్నట్టే పారేశాడు. అమీర్‌పేటలో చేతికిచ్చిన కాగితమంటే కొత్త బ్యాచ్ ప్రకటనే కదా. ఒకడు మాత్రం వెనక్కొచ్చి — "డెమో క్లాసు ఎప్పుడు భాయ్?"
రూమ్మేట్ శ్రీశైలం పడీ పడీ నవ్వాడు. "విప్లవానికి సుత డెమో పెట్టరాదే!"

జూన్ 11
క్లాసులో మూర్తి సారు బోర్డు నిండా సున్నాలు చుట్టారు. స్టేక్‌హోల్డర్లట — ఒక పని చెడితే ఎవరెవరికి తగులుతుందో వాళ్లంతా. "మీరు పిలవని మనిషే ప్రాజెక్టుని ముంచుతాడండీ."
ఒళ్లు మండింది. దోచేవాడికీ దోపిడీకి గురైనవాడికీ ఒకే సైజు సున్నా!
కానీ... యాదమ్మను నేనైనా అడిగానా?

జూన్ 12
బోరబండ. యాదమ్మ బియ్యం ఏరుతోంది. కరపత్రం చదివి వినిపించాను.
"గీ డౌన్ డౌన్ ఎందుకు బిడ్డా? ఆయన పడిపోతే నాకేమొస్తది? గా పొద్దుగాల క్లాసు ఎవ్వరి కోసం పెట్టిన్రో అడుగు."
సిగ్గేసింది.

జూన్ 13
అడిగాను. ప్రసాదరావు — "క్లాసు టైము నా చేతిలో ఉందా బాబూ?" ఇన్‌స్టిట్యూట్ మేనేజర్ — "మీ సారు క్లాసయ్యాక ఉద్యోగానికి వెళ్లే ఆఫీసు పంజగుట్టలో. ఎవరో క్లయింటు కోసం పదింటిది తొమ్మిదింటికి మారింది, అందుకే క్లాసూ గంట ముందుకు."
మూర్తి సారు! అందరికీ సున్నా చుట్టి తనకు చుట్టుకోలేదు.
అరుద్దామనే వెళ్లాను. అరవలేదు. గీసి చూపించాను — ఎక్కడో ఉన్న క్లయింటు, పంజగుట్ట ఆఫీసు, క్లాసు, టిఫిను, మొదటి బస్సు, యాదమ్మ. సారు ఒక్కో సున్నా మీద వేలు పెట్టుకుంటూ వచ్చారు. "ఇందులో నేనూ ఉన్నానేంటండీ..."
ఆఫీసులో అడుగుతానన్నారు.

జూన్ 14
ఏమీ లేదు. మెస్సులో బ్రెడ్డు.

జూన్ 16
సారు ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు! వారం రోజులు సారు పదింటికి వెళ్లొచ్చట. రేపట్నుంచి క్లాసు ఏడున్నరకే. ప్రసాదరావు యాదమ్మను మళ్లీ పనిలోకి పిలిచాడు. సాయంత్రం వంటింట్లోంచి ఆమె గొంతు — "కోపం మస్తున్నోళ్లకు ఆకలెక్కువ, రా!" వారంగా బిగించిన పిడికిలి ఇవాళే విప్పినట్టుంది.
ఆ వారం గడిచాక ఏమిటో తెలియదు. పైగా మేనేజర్ మెలిక — రేపు బెంచీలు నిండకపోతే మళ్లీ ఆరున్నరే. మావాళ్లా, గంట దొరికిందంటే ఇంకో గంట పడుకునే రకం.
ఈసారి కరపత్రం లేదు. నేనూ శ్రీశైలం ప్రతి తలుపూ తట్టి చెప్పి వచ్చాం — రేపు ఏడింటికి అందరూ వంటింటి దగ్గరికి రండి. తిని, కలిసే క్లాసుకు వెళ్దాం.