పెద్ద పీట మీద కూర్చోకండి

ఏమండీ,

టైపు పరీక్షకు కంటోన్మెంటు వెళ్తున్నాను. సంగటి ముద్దలు మూతపెట్టి ఉన్నాయి, ముద్దలోకి సారు వేడి చేసుకోండి. చిన్న పీట వేసుకుని తినండి. పెద్ద పీట మీద సుద్దముక్కతో టైపుమిషను అక్షరాలు గీసుకున్నాను. మొన్న మీరు దాని మీదే కూర్చుని లేచారు, అక్షరాలన్నీ మీ పంచెకు అంటుకున్నాయి. పంచె ఉతికి, మళ్ళీ గీశాను.

చిక్కపేట ఇన్‌స్టిట్యూటులో మిషను దొరికేది రోజుకు అరగంటే. మిగతా సాధనంతా ఈ పీట మీదే. "పీట మీద వీణ వాయిస్తా ఉండావా అమ్మీ?" అని అత్తమ్మ అడిగితే మీరూ నవ్వారు. నవ్వుకోండి. మొదట్లో నా వేళ్ళు అక్షరాల కోసం తడుముకునేవి. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా దారి తప్పవు.

సుందరమ్మ

ప్యాసైతే పెద్ద పీట కడిగి నేనే మీకు వేస్తాను. తప్పితే, మళ్ళీ పరీక్ష దాకా మీకు చిన్నదే గతి.